ఆకులో మూడో మనిషి

కోటబొమ్మాళి పొలాల్లో ఉభాలు జరుగుతున్నప్పుడు ఎప్పుడైనా చూశారా? గట్టు మీద నుంచి ఒకరు నారుకట్ట అందిస్తారు. మడిలో ఇంకొకరు అందుకుంటారు. గట్టు జారుతుంటే మూడో మనిషి పక్కన నిలబడి ఆసరా ఇస్తాడు. ఆయన కట్ట మొయ్యడు. కానీ ఆయన తప్పుకుంటే పని నత్తనడకే!

సరిగ్గా అలాంటి మూడో మనిషి వరి ఆకులోనూ ఉన్నాడు. పేరు బైకార్బొనేట్. బజ్జీల పిండిలో వేసే వంట సోడాలో ఉండేదీ ఇదే.

ఎండ తగలగానే ఆకు నీటిని విడగొడుతుంది. ఆక్సిజన్‌ను బయటికి వదిలి, ఎలక్ట్రాన్లను లోపలికి పంపుతుంది. ఆ దారిలో క్వినోన్ అణువులు రెండు, వాటి మధ్య ఒక ఇనుప అయాన్ ఉంటాయి. ఆ ఇనుమును పట్టుకుని ఉండేదే బైకార్బొనేట్. రెండో క్వినోన్ రెండు ఎలక్ట్రాన్లు, రెండు ప్రోటాన్లు తీసుకుంటే గానీ కదలదు. ఆ ప్రోటాన్లు అందేలా చూడటం బైకార్బొనేట్ పని.

పొరపాటే దారి చూపింది

ఈ కథ మొదలైంది ఓ పెద్దాయన పొరపాటుతో. 1931లో నోబెల్ అందుకున్న జర్మనీ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్, క్రిప్పాల్‌తో కలిసి 1958లో ఒక వింత గమనించారు. కార్బన్ డయాక్సైడ్ తీసేస్తే హరితరేణువుల నుంచి ఆక్సిజన్ తగ్గిపోతోంది! అంటే ఆక్సిజన్ దాన్నుంచే వస్తోందని తేల్చేశారు. కానీ అది నీటి నుంచి వస్తుందని అమెరికాలో రూబెన్, కామెన్ బృందం 1941లోనే చూపించింది. వార్‌బర్గ్ చూసింది నిజం, చెప్పిన కారణం తప్పు.

ఆ నిజాన్ని వదిలిపెట్టని వారిలో ముఖ్యులు అలహాబాద్‌లో పుట్టి ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన గోవిందజీ. విడ్‌జిన్‌స్కీతో కలిసి పాలకూర హరితరేణువులపై ప్రయోగాలు చేసి, బైకార్బొనేట్ ప్రభావం క్వినోన్ల వైపు ఉందని 1975లో చూపారు. 2011లో జపాన్ శాస్త్రవేత్తలు తీసిన స్ఫటిక చిత్రంలో ఇనుము పక్కనే బైకార్బొనేట్ స్పష్టంగా కనిపించింది.

మిట్టమధ్యాహ్నం ఏమవుతుంది?

వాన మొహం చాటేసింది. కాలువ నీరు చివరి మడిదాకా రాలేదు. వరి పత్రరంధ్రాలు మూసుకుంటుంది. లోపల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. ఎండ మాత్రం తగ్గదు! ఎలక్ట్రాన్లు దారిలో నిలిచిపోతే హానికరమైన ఆక్సిజన్ రూపం పుట్టి ఆకునే దెబ్బతీస్తుంది.

ఇక్కడే అసలు విశేషం. మొదటి క్వినోన్ దగ్గర ఎలక్ట్రాన్ నిలిచిపోతే బైకార్బొనేట్ పట్టు సడలి తప్పుకుంటుందనీ, దాంతో ఆ హాని తగ్గుతుందనీ లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన రూథర్‌ఫర్డ్ బృందం 2016లో తెలిపింది. పనిలో సాయపడే మనిషే, ప్రమాదం వస్తే పని నెమ్మదించేలా చేస్తాడన్నమాట.

అలాగని పొలంలో సోడా చల్లేరు సుమా! ఆకుకు కావలసిన బైకార్బొనేట్‌ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఆకులోని నీటిలో కరిగితేనే తయారవుతుంది. మట్టిలోనో, పెట్టే నీటిలోనో అది ఎక్కువైతే వరికి జింకు అందక ఆకులు పాలిపోతాయి. వరికి కావలసింది మన సోడా పొట్లం కాదు... వేళకు అందే నీరు. నీరుంటే పత్రరంధ్రాలు తెరుచుకుంటాయి, మూడో మనిషి తన చోట తాను నిలబడతాడు.