ఇంటి భాష – అతిథి భాష

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి కంప్యూటరు గొడవ దేనికి అంటారు మా యింట్లో. భాష అన్న మాట వినబడితే చాలు, నా చెవి అటే తిరుగుతుంది. అందులోనూ, ఒక భాష కడుపులో మరో భాష కాపురం పెట్టిందంటే వినకుండా ఎలా ఉండను?

కథ బ్రెజిల్‌లో జరిగింది. 1992 దాకా ఆ దేశం పరాయి దేశాల కంప్యూటరు సరుకును సులభంగా రానిచ్చేది కాదు. కావలసినవి అక్కడివాళ్ళే చేసుకోవాలి. రియో డి జెనీరోలోని కాథలిక్ విశ్వవిద్యాలయంలో ఒక బృందం, పెట్రోబ్రాస్ అనే చమురు కంపెనీకి ప్రోగ్రాములు వ్రాసి ఇచ్చేది. వాటిని వాడేవాళ్ళు ఇంజనీర్లేగాని ప్రోగ్రాములు వ్రాసేవాళ్ళు కారు. వాళ్ళకేమో తరచు మార్పులు కావాలి.

‘సి’ భాష వేగానికి పెట్టింది పేరు. కాని చిన్న మార్పు చేసినా దాన్ని మళ్ళీ యంత్రభాషలోకి దించి, ప్రోగ్రామును తిరిగి కూర్చాలి. గోడకు మేకు కొట్టడానికి ప్రతిసారీ మేస్త్రీని పిలిచినట్టన్నమాట!

అందుకని 1993లో ఇయెరుసలిమ్స్కీ, ఫిగెరెడో, సెలెస్ అనే ముగ్గురు, ఇతర ప్రోగ్రాముల్లో ఇమిడిపోయే చిన్న భాష నొకదాన్ని తయారుచేశారు. అంతకుముందు అక్కడ వాడిన భాష పేరు ‘సోల్’, అంటే పోర్చుగీసులో సూర్యుడు. కొత్తదానికి ‘లువా’ అని పేరు పడింది. అంటే చంద్రుడు.

సంస్కృత పదం మన యింటికి వస్తే డు-ము-వు-లు తొడిగి మనదాన్ని చేసుకుంటాం. ఇక్కడ అలా కాదు. ఇంటి వ్యాకరణం ఇంటిదే, అతిథి వ్యాకరణం అతిథిదే. మరి మాటామంతీ ఎలాగంటారా? మధ్య ఒక దొంతర ఉంటుంది. ‘సి’ తనకు కావలసిన పనినీ, దానికి కావలసిన అంకెలనూ దొంతరమీద పేరుస్తుంది. లువా వాటిని తీసుకొని, పని ముగించి, జవాబును అదే దొంతరమీద పెడుతుంది. ఒకరి వంటగదిలోకి ఒకరు వెళ్ళనక్కరలేదు.

కాని ఎవరో వ్రాసిన నాలుగు పంక్తులు మన ప్రోగ్రాములో నడుస్తాయంటే భయం లేదా? ఉంది. అవి మన ఫైళ్ళను చెరిపివేయవచ్చు. అంతం లేకుండా తిరుగుతూ యంత్రాన్ని నిలేయవచ్చు. అందుకే ఏ గది తాళంచెవి ఇవ్వాలో ఇంటి యజమానే నిర్ణయిస్తాడు. ఫైళ్ళు తెరిచే సౌకర్యం అతడు ఇవ్వకపోతే అతిథికి ఆ దారే లేదు.

ఇందుకు తార్కాణం మనకు తెలిసినదే, వికీపీడియా. దాని అసలు ప్రోగ్రాము పీహెచ్‌పీ భాషలో ఉంది. 2013 నుంచి లువాకు అందులో చోటిచ్చారు. తెలుగు వికీపీడియాలోనూ తేదీలు లెక్కకట్టడం, సమాచారపెట్టెలు పేర్చడం వంటి పనులకు లువా మాడ్యూళ్ళున్నాయి. వాటిని వ్రాసేవాళ్ళు జీతగాళ్ళు కానక్కరలేదు. ఆసక్తిగల మన పిల్లలైనా నేర్చుకొని వ్రాయవచ్చు. అయితే ఒక్కొక్క పేజీకి లువా వాడుకోదగిన కాలం పది సెకన్లే. గడువు దాటితే పని ఆగిపోతుంది, వ్రాసినవాడు ఎంత పండితుడైనా సరే.

నమ్మకమూ కట్టడీ ఒకే గుమ్మంలో ఇమిడిన ఏర్పాటు ఇది. ఆ పది సెకన్ల కట్టడి లేకపోతే ముక్కూ మొహం తెలియని మనబోటివాళ్ళకు అంత పెద్ద యింట్లో చోటెవరిస్తారు చెప్పండి!