ఓట్లు లెక్కపెట్టని ఊరు
పదిమందిలో తొమ్మండుగురు సరేనన్నాక పదో మనిషి మాట ఎవరికి కావాలి? మహారాష్ట్రలో, గడ్చిరోలి జిల్లాలో ఉన్న మేంఢా-లేఖా అనే గోండుల పల్లెకు కావాలి! అక్కడి గ్రామసభలో చేతులు లెక్కపెట్టరు. ఆడా మగా కూర్చుని, అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకుంటారు.

ఇదంతా కాలహరణం అంటారేమో. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద, 2009లో ఆ ఊరికి సుమారు 1,800 హెక్టార్ల అడవిపై ఉమ్మడి హక్కు దక్కింది. అయినా కొట్టిన వెదురు ఊరు దాటాలంటే పర్మిట్టు అటవీశాఖే ఇవ్వాలి. ఊరు పట్టు వదలలేదు. 2011 ఏప్రిల్‌లో ఆ పర్మిట్ల పుస్తకం గ్రామసభ చేతికే వచ్చింది.

ఓడిన పక్షమంటూ లేని ఊరిని చీల్చడం ఎవరి తరం? పదో మనిషి కోసం ఆగిన కాలం వృథా పోలేదు.