ముందు చక్రాలు కదలొద్దు!

కారుకున్న నాలుగు చక్రాల్లో రెండింటిని కదలకుండా పట్టుకుని, మిగతా రెండింటినీ గిర్రున తిప్పాలి. డ్రాగ్‌ రేసుల్లో ఇదో తప్పనిసరి తంతు. అందుకు కావల్సింది పిడికెడంత వాల్వు. దాని పేరు లైన్‌ లాక్‌. కొనడం తేలికే. బిగించాలంటే మాత్రం ఏకంగా బ్రేకు పైపు మీదే చెయ్యి వేయాలి!

అమెరికాలో డ్రాగ్‌ రేసు చూడ్డానికి వెళ్తే ముందుగా కనిపించేది పొగే. పోటీకి దిగబోయే కారు నీళ్లు చల్లిన చోటికి వచ్చి ఆగుతుంది. ముందు చక్రాలు నేలలో పాతేసినట్టు ఉంటాయి. వెనక చక్రాలు మాత్రం పిచ్చెత్తినట్టు తిరుగుతూ తెల్లటి పొగ చిమ్ముతాయి. జనం ఒకటే ఈలలు!

చూడ్డానికి ఆర్భాటంలా ఉంటుంది కానీ దీని వెనక అసలు పని వేరే ఉంది. ఈ పోటీల్లో పరుగెత్తేది తిన్నటి దారిలో పావు మైలు... అంటే 402 మీటర్లు. 1951లో వాలీ పార్క్స్‌ స్థాపించిన నేషనల్‌ హాట్‌ రాడ్‌ అసోసియేషన్‌ నీడన పెరిగిన ఆట ఇది. దూరం అంత తక్కువ కాబట్టి, బయల్దేరేటప్పుడు టైరు జారిందా, ఇక ఆశ వదులుకోవాల్సిందే. పార్సిళ్ల మీద సీలు వేసే లక్క చూశారుగా... చల్లగా ఉంటే రాయి, వేడెక్కితే బంక. రేసు టైర్ల రబ్బరూ అంతే. నాలుగు క్షణాలు గిర్రున తిప్పితే పైన అంటుకున్న దుమ్మూ ఇసుకా రాలిపోయి, రబ్బరు వేడెక్కి, దారిని గట్టిగా పట్టుకుంటుంది. దీన్నే బర్నవుట్‌ అంటారు.

మరి వెనక చక్రాలు తిరుగుతుంటే కారు ముందుకు దూకకుండా ఎలా ఆగుతుంది?

ఒక పెడల్‌... నాలుగు చక్రాలు

మోటార్‌సైకిల్‌ మీద ఈ చిక్కు లేదు. ముందు బ్రేకు చేతికి, వెనక బ్రేకు కాలికి. ముందుది పట్టుకుని యాక్సిలరేటర్‌ తిప్పితే చాలు, వెనక చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. సినిమాల్లో హీరోలు చేసేది అదేగా! కారులో అలా కుదరదు. పెడల్‌ ఒకటే. తొక్కితే నాలుగు చక్రాలకూ బ్రేకు పడుతుంది. ఎడమకాలితో బ్రేకూ, కుడికాలితో యాక్సిలరేటరూ తొక్కి బర్నవుట్‌ చేసేవాళ్లు లేకపోలేదు. అలా చేస్తే ఓ పక్క ఇంజిన్‌ వెనక చక్రాల్ని తిప్పుతుంటుంది, మరోపక్క వెనక బ్రేకులు వాటినే ఆపుతుంటాయి. మధ్యలో కాలిపోయేవి బ్రేకు ప్యాడ్లు.

లైన్‌ లాక్‌ చేసే పనల్లా కారుకు మోటార్‌సైకిల్‌ సదుపాయం తెచ్చిపెట్టడమే. ముందు బ్రేకులకు ఆయిల్‌ తీసుకెళ్లే పైపు మధ్యలో దీన్ని బిగిస్తారు. లోపల ఉండేది కరెంటుతో పనిచేసే సోలనాయిడ్‌ వాల్వు. మన వాషింగ్‌ మెషీన్లో నీళ్లు వదిలేదీ ఆ జాతిదే, కాకపోతే దానిది తిరగేసిన వరస. అది కరెంటు వస్తే తెరుచుకుంటుంది, ఇది కరెంటు వస్తే మూసుకుంటుంది. డ్రైవర్‌ బ్రేకు తొక్కి, బటన్‌ నొక్కి పట్టుకుని, పెడల్‌ మీంచి కాలు తీసేస్తాడు. వెనక బ్రేకులు వదిలేస్తాయి. ముందు పైపులో చిక్కుకున్న ఒత్తిడి మాత్రం వెనక్కి రాలేదు కాబట్టి ముందు చక్రాలు కదలవు. బటన్‌ వదలగానే అంతా మామూలే. ఎప్పుడైనా కరెంటు పోయినా దారి తెరిచే ఉంటుంది, బ్రేకులు ఎప్పటిలాగే పడతాయి. అలా కాకుండా తిరగేసి పనిచేసే చవకరకం వాల్వు ఎవరైనా అంటగట్టబోతే దణ్ణం పెట్టేయడం మంచిది!

ఈ సరుకులో పాత పేరు హర్స్ట్‌. వాళ్లు దీన్ని రోల్‌ కంట్రోల్‌ అంటారు. గేర్‌ లీవర్లతో రేసు ప్రపంచంలో పేరు తెచ్చుకున్న ఆ సంస్థ అధిపతి జార్జ్‌ హర్స్ట్‌కి ఇంకో ఘనత కూడా ఉంది. నుజ్జయిన కార్లను చీల్చి లోపలివాళ్లను బయటికి తీసే ‘జాస్‌ ఆఫ్‌ లైఫ్‌’ యంత్రం ఆయన ఆలోచనే. వేగానికి సరంజామా అమ్మినాయనే ప్రమాదాల గురించీ ఆలోచించాడన్నమాట.

అందరికీ అక్కర్లేదు

కొనేముందు చూడాల్సింది ధరా, కంపెనీ పేరూ కాదు... మన కారులో ఇంజిన్‌ ఏ చక్రాల్ని తిప్పుతోందన్నది. స్విఫ్ట్‌లాంటి కార్లలో ముందు చక్రాలే తిరుగుతాయి. అలాంటి కారుతో బర్నవుట్‌ చేయాలంటే పట్టుకోవాల్సింది వెనక చక్రాల్ని. ఆ పని హ్యాండ్‌బ్రేకు ఎలాగూ చేస్తోంది, ఇంకో వాల్వు దేనికి? నాలుగు చక్రాలూ తిరిగే కారుకైతే అసలు ప్రశ్నే లేదు. పాత మస్టాంగ్‌, కమారోల్లాంటి వెనక చక్రాల బండ్లకే ఇది అక్కరకొచ్చేది.

తర్వాత బ్రేకు పైపుల అమరిక. ఒకటి పాడైనా ఇంకొకటి ఆదుకునేలా వీటిని రెండు దారులుగా విడదీస్తారు. ముందు రెండు చక్రాలకు ఒకటి, వెనక రెండింటికీ ఒకటి ఉంటే పని సులువు. కొన్ని కార్లలో దారులు ఐమూలగా వెళ్తాయి. ముందు కుడి చక్రానికి జోడీ వెనక ఎడమ చక్రం. అక్కడ ఒక వాల్వు పెట్టి ముందు రెండింటినీ ఆపాలనుకోవడం అత్యాశే. ఏబీఎస్‌ ఉన్న కారైతే ఫలానా మోడల్‌కని ప్రత్యేకంగా చేసిన కిట్‌ దొరికితేనే ముందుకెళ్లాలి. దొరక్కపోతే ఆ కోరిక అక్కడితో వదిలేయాలి. తోచినచోట కోసి అతికించే వ్యవహారం కాదది.

ఇక కొత్త కారు ఉన్నవాళ్లు పర్సు తీయక్కర్లేదేమో చూసుకోవాలి. 2015 మోడల్‌ మస్టాంగ్‌ జీటీలో ఫోర్డ్‌ ఈ పనిని కంప్యూటర్‌కే అప్పగించింది. మెనూలోకి వెళ్లి, బ్రేకు గట్టిగా తొక్కి, మీట నొక్కితే ఏబీఎస్‌లోని వాల్వులే ముందు చక్రాల్ని పట్టుకుంటాయి. 15 సెకన్లయ్యాక వాటంతటవే వదిలేస్తాయి. 2018 డాడ్జ్‌ ఛాలెంజర్‌ డీమన్‌లోనూ లైన్‌ లాక్‌ కంపెనీ నుంచే వచ్చింది.

అసలు పరీక్ష పైపు దగ్గరే

కిట్‌ తెచ్చుకున్నవాళ్ల దృష్టంతా బటన్‌ మీదా, వెలిగే దీపం మీదా ఉంటుంది. నన్నడిగితే అది చివరి పావుగంట పని. కష్టమంతా పైపు చివర్ల దగ్గరే. ఏసీ మెకానిక్‌ రాగి గొట్టం చివరను బూరలా వెడల్పు చేసి నట్టు బిగించడం చూసే ఉంటారు. బ్రేకు పైపుకూ అదే పద్ధతి కానీ, ఒత్తిడి చాలా ఎక్కువ కాబట్టి అంచును లోపలికి మడిచి రెండు పొరలుగా చేయాలి. రాగి గొట్టం పనికిరాదు, బ్రేకు కోసమే చేసిన పైపు కావాలి. ఆ అంచులో వెంట్రుకంత చీలికున్నా ఆయిల్‌ కారుతుంది. పైగా మరల్లో అంగుళాల కొలతవి వేరు, మిల్లీమీటర్లవి వేరు. దగ్గరగా ఉన్నాయని బలవంతంగా తిప్పితే మర పోతుంది. టేపు చుట్టి సర్దుకోవడానికి ఇది కుళాయి కాదు. అందుకే చివర్లు సిద్ధంచేసిన పైపులతో వచ్చే కిట్‌కి నాలుగు డాలర్లు ఎక్కువైనా నష్టం లేదు.

వాల్వు మీద ఆయిల్‌ వచ్చేవైపు, పోయేవైపు గుర్తులుంటాయి. తారుమారు చేయకూడదు. సైలెన్సర్‌ గొట్టాల వేడి తగలనిచోట గట్టిగా బిగించాలి. బ్రేకాయిల్‌ పడితే పెయింటు లేచిపోతుంది కాబట్టి కింద గుడ్డ పరవాలి. కరెంటు తీగకు ఫ్యూజు ఉండాల్సిందే. బటన్‌ మాత్రం కాలింగ్‌బెల్‌ స్విచ్చులాంటిది కావాలి... వేలు తీయగానే ఆగిపోయేది. ఫ్యాను స్విచ్చులా వేస్తే పడి ఉండేది పెట్టారో, మరచిపోయిన రోజున ముందు బ్రేకులు పట్టేసి ఊరుకుంటాయి. పొరపాటున చెయ్యి తగిలేచోట కూడా పెట్టకూడదు.

పైపు విప్పామంటే లోపలికి గాలి చొరబడినట్టే. ఒకరు పెడల్‌ తొక్కుతుంటే ఇంకొకరు చక్రం దగ్గర నిపుల్‌ వదులు చేస్తూ ఆ గాలంతా తీసేయాలి. పోసే ఆయిల్‌ సీలు విప్పని డబ్బాలోదే. ఆ తర్వాత పెడల్‌ను గట్టిగా తొక్కిపట్టి ప్రతి అతుకూ పొడిగుడ్డతో తుడిచి చూడాలి. తడి కనిపించినా, పెడల్‌ మెల్లగా కిందికి దిగుతున్నా పని మళ్లీ మొదటికొచ్చినట్టే. అంతా బాగుంటే ఖాళీ స్థలంలో నడకంత వేగంతో పదిసార్లు ఆపి చూశాకే ట్రాక్‌ మాట. ఇదంతా చదువుతుంటేనే అలసటగా ఉంటే, బ్రేకుల పని తెలిసిన మెకానిక్‌కి అప్పగించడం ఉత్తమం.

దీన్నే పార్కింగ్‌ బ్రేకులా వాడుకోవచ్చుగా అనిపిస్తుంది కొందరికి. ఎక్కువసేపు కరెంటు పారితే కాయిల్‌ వేడెక్కుతుంది, ఒత్తిడీ మెల్లగా జారిపోతుంది. వాలులో వదిలేసి వెళ్తే కారు తన దారిన తాను పోతుంది!

అమెరికాలోని అబ్బాయి మస్టాంగ్‌ కొన్నాడని మురిసిపోయే అమ్మానాన్నలు ఓ మాట వేసి ఉంచొచ్చు. రోడ్డు మీద ఇలా పొగ లేపడం అక్కడా చాలా రాష్ట్రాల్లో నేరమే. మన దగ్గరైతే మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌ కంపెనీ ఇచ్చిన నమూనాను మార్చడానికే ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. రోడ్ల మీద పందేలకు 189వ సెక్షన్‌ వేరే ఉంది.

ట్రాక్‌ మీద మాత్రం దీనికి ఇంకో ఉపయోగం. గేర్లు మార్చే కారుతో గీత దగ్గర నిలబడినప్పుడు ఒక కాలు క్లచ్‌ మీద, ఒకటి యాక్సిలరేటర్‌ మీద. బ్రేకుకి మూడో కాలు ఎక్కణ్నుంచి వస్తుంది? అందుకే బటన్‌ నొక్కిపట్టి కారు దొర్లకుండా నిలబెడతారు. రోల్‌ కంట్రోల్‌ అన్న పేరు అలా వచ్చిందే. పచ్చదీపం వెలగ్గానే వేలు తీసేయాలి. కంగారులో తీయడం మరిచారా... పక్క లేన్‌లోవాడు ఈపాటికి సగం దారిలో ఉంటాడు!