తొక్కుడు పడవతో తొలి ప్రయాణము

రేపల్లెకు దిగువనున్న నిజాంపట్నము చెంత, సముద్రమున గలియు ఉప్పుకాలువలో, మా మిత్రుని నూతన కయాకు నొకనాటి ఉదయమున నీట దింపితిమి. ఇది ఒక్కరు కూర్చుండి చేపలు పట్టుకొను చిన్న పడవ. తెడ్డునకు మారుగా కాళ్లతో త్రొక్కి నడపుట దీని విశేషము. 1997లో అమెరికాలోని హోబీ కంపెనీవారు ఇట్టి యంత్రమును వెలువరించిరి. పాదములు ముందువెనుకలకు కదలుచుండగా పడవ అడుగున రెండు రెక్కలు ప్రక్కలకు ఊగి నీటిని వెనుకకు నెట్టును. చేతులు రెండును గాలమునకు మిగులును. తాటిదోనెలో ఒకచేత గడ, ఒకచేత గాలము పట్టి అవస్థపడినవారికి ఈ సుఖమును వేరుగ జెప్పనక్కరలేదు.

అయితే కొంతసేపటికే తెగిన వలముక్క యొకటి రెక్కలకు జుట్టుకొని పడవ నిలిచిపోయెను. అప్పటికే ఆటు మొదలైనది. నీరు నన్ను సముద్రపు వైపునకు లాగసాగెను. తెడ్డు వెంటనుండుటచే ఒడ్డు చేరితిని. ఒక పాదమును పూర్తిగా ముందునకు నెట్టినచో రెక్కలు అడుగునకు అంటుకొనునని, అడ్డులు దాటుటకు అదియే ఉపాయమని పిమ్మట దెలిసినది!

కొనదలచిన రైతు సోదరులు తెడ్డును, లైఫ్ జాకెట్టును విడువరాదు. ఆటు వేళ మొదట ఎగువకే పోవలెను. అలసినపుడు నీరే రేవునకు జేర్చును. గుర్రపుడెక్క నిండిన మన తెనాలి, బాపట్ల కాలువలలోనైతే తాటిదోనెయే మేలని నాకు దోచుచున్నది. దాని యడుగున తగులుకొనుట కేమియు లేదు.