ఒకరు నీళ్ళలో... ఒకరు ఒడ్డున

గురువారం సాయంత్రమైతే చాలు, కువైట్‌లో వారాంతం మొదలైనట్టే. సాల్మియా, ఫహాహీల్, మంగాఫ్, అబ్బాసియా ఫ్లాట్లలో ‘రేపెక్కడికి?’ అన్న మాట పుడుతుంది. ఇంట్లో ఒకరికి స్కూబా పిచ్చి ఉంటే జవాబు ముందే తేలిపోయింది: సముద్రానికి. తేలనిదల్లా రెండో మనిషి సంగతే. ఆయనో ఆవిడో సిలిండర్ వీపుకి తగిలించుకుని నీళ్ళలోకి మునిగిపోతే, ఈత కూడా రాని భర్తో భార్యో పొద్దంతా ఏం చేయాలి?

మామూలుగా రిసార్ట్ వెతికే పని డైవర్లే నెత్తినేసుకుంటారు. పగడాలున్నాయా, నీళ్ళు తేటగా ఉన్నాయా, పడవ ఎన్నింటికి బయల్దేరుతుంది అని ఆరా తీస్తారు. బుకింగ్ అయిపోయాక ‘నీకూ బావుంటుందిలే’ అని ఇంట్లో చెబుతారు. ఆ వరస తిరగేయాలి. రిసార్ట్‌ని ఎంచుకోవాల్సింది ఒడ్డున ఉండే మనిషి.

ఎందుకో లెక్క వేసి చూడండి. సరదా డైవింగ్‌లో ఒక డైవ్ ముప్పావు గంట. ఒంట్లో చేరిన నైట్రోజన్ తగ్గడానికి పైకొచ్చి గంటసేపు కూర్చోవాలి. తర్వాత ఇంకో ముప్పావు గంట. అంటే రెండు డైవ్‌లు చేసినా నీళ్ళ కింద గడిచేది గంటన్నరే. ఆ గంటన్నర కోసం తెల్లారుజామున లేవాలి, సామాను సర్దాలి, పడవెక్కాలి, దీవి దాకా పోవాలి, తిరిగి రావాలి. ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం మూడు. గంటన్నర సరదా ఒకరిది, ఏడెనిమిది గంటల నిరీక్షణ ఇంకొకరిది. ఆ నిరీక్షణ ఎక్కడ గడుస్తుందన్న దాన్నిబట్టే ఆ వారాంతం హాయిగా గడవడమో, వారం పాటు మాటల్లేకపోవడమో జరుగుతుంది.

కువైట్ అంటే ఎడారి, చమురు, దినార్లు అనుకునేవాళ్ళకి అక్కడ పగడపు దిబ్బలున్నాయంటే నమ్మకం కుదరదు. ఉన్నాయి. దక్షిణ తీరానికి ఎదురుగా కుబ్బర్, ఖరూ, ఉమ్ అల్ మరాదిమ్ అని మూడు చిన్న దీవులు. చలికాలంలో వణికించి, వేసవిలో ఉడికించే ఈ నీళ్ళలో పగడాలు బతకడమే శాస్త్రవేత్తలకు ఆశ్చర్యం. 2020 జులై 30న కువైట్ అఖాతంలో సముద్రపు నీరు 37.6 డిగ్రీలు చూపించింది. ఒంటి వేడి కన్నా ఎక్కువ! దక్షిణాన దీవుల దగ్గర అంత ఉడకదు గానీ ఎండాకాలం తీవ్రమైనప్పుడల్లా అక్కడి పగడాలూ తెల్లబడుతున్నాయి. చేపల వలలు చిక్కుకుని పాడయ్యేవి మరికొన్ని. ఆ వలల్ని విప్పి పైకి తీసే పని కువైట్ డైవింగ్ టీమ్ స్వచ్ఛంద గజఈతగాళ్ళు ఏళ్ళ తరబడి చేస్తున్నారు.

ఖరూ దీవి మరీ చిన్నది. ఒక చివర నించుంటే ఇంకో చివర కనిపించే ఇసుక దిబ్బ. అయినా చరిత్రలో దానికో చోటుంది. 1991 జనవరిలో ఇరాక్ చెర నుంచి ముందుగా విడిపించిన కువైట్ నేల ఇదే. ఖరూ మీదా, ఉమ్ అల్ మరాదిమ్ మీదా తాబేళ్ళు గుడ్లు పెడతాయి. కుబ్బర్ మీద వేసవిలో టర్న్ పక్షులు నేల మీదే గుడ్లు పెట్టి పొదుగుతాయి. డైవర్‌కి ఇవన్నీ స్వర్గం. మరి తోడొచ్చిన మనిషికి? చెట్టు నీడ ఉండదు, దుకాణం ఉండదు, బాత్రూమ్ ఉండదు. మే నెలలో ఉదయం తొమ్మిదింటికే ఇసుక కాలుతుంది. పడవ మీద కట్టిన గుడ్డ పందిరి కింద, కెరటానికి ఊగుతూ, మొహానికి చున్నీ కప్పుకుని, వాంతి రాకుండా నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చున్న మనిషిని ‘ఎంత అందంగా ఉందో చూడు’ అని అడగడానికి గుండె ధైర్యం కావాలి.

అందుకే కువైట్‌లో దీవి మీద కన్నా తీరం మీద మకాం చూసుకోవడం మేలు. అదెక్కడన్నదే అసలు ప్రశ్న. నగరానికి మరీ దూరం పోకుండా, మెస్సీలా, మంగాఫ్ తీరాల్లో పెద్ద పెద్ద బీచ్ హోటళ్ళున్నాయి. మెస్సీలాలో జుమేరా, మంగాఫ్‌లో హిల్టన్ రిసార్ట్. ఒడ్డున ఉండే మనిషికి ఇవి సుఖం. సొంత బీచ్, ఈత కొలను, స్పా, పిల్లలకి ఆటస్థలం అన్నీ ఉంటాయి. విసుగు పుడితే మంగాఫ్ నుంచి ఫహాహీల్ పది నిమిషాల్లో చేరొచ్చు. అక్కడ ఇడ్లీ దోసెలకు కొదవ లేదు. పైగా బయటి బీచ్‌లో కువైట్ మర్యాదలకు తగ్గట్టు ఒళ్ళు కప్పుకుని కూర్చోవాల్సిన ఆడవాళ్ళకి, హోటల్ బీచ్‌లో కాస్త స్వేచ్ఛ. చిక్కంతా డైవర్‌కే. దీవులకు పడవ ప్రయాణం ఎక్కువ.

ఇంకో దారి, నగరానికి దక్షిణంగా, దాదాపు సౌదీ సరిహద్దు దాకా వెళ్తే వచ్చే ఖిరాన్. కారులో గంట పైచిలుకు. ఇక్కడ సముద్రాన్ని కాలువలు తవ్వి ఎడారి లోపలికి తీసుకొచ్చి సబా అల్ అహ్మద్ సముద్ర నగరం కట్టారు. కాలువల వెంబడి వరసగా షాలేలు, అంటే వారాంతం గడపడానికి కట్టుకున్న సముద్రపు ఇళ్ళు. వాటిలో అద్దెకిచ్చేవీ ఉంటాయి. ఉమ్ అల్ మరాదిమ్, ఖరూలకు ఇక్కణ్ణుంచి దూరం తక్కువ. డైవర్ తెల్లారి వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి వచ్చేయొచ్చు. కాలువ నీళ్ళలో కెరటాలుండవు కాబట్టి ఈత రానివాళ్ళు లైఫ్ జాకెట్ తొడుక్కుని మోకాలి లోతు నుంచి మొదలుపెట్టొచ్చు. పడవల రేవు పక్కనే ఖిరాన్ మాల్ ఉంది. రెండు మూడు కుటుంబాలు కలిసి షాలే తీసుకుంటే ఖర్చూ పంచుకోవచ్చు, డైవర్ లేని పూట ఒంటరితనమూ ఉండదు. నా ఓటు దీనికే. కాకపోతే ఒక షరతు: వంట ఒడ్డున ఉన్నవాళ్ళ మీద పడకూడదు. ఆయన పగడాలు చూసొచ్చే లోపు ఆవిడ పదిమందికి బిర్యానీ వండితే అది విహారం కాదు, ఇల్లు మారడం.

ఇక్కడో మాట చెప్పకుండా దాటేస్తే తప్పవుతుంది. కువైట్‌లో తెలుగువాళ్ళంటే ఎక్కువగా కడప, రాజంపేట, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు. భార్యాబిడ్డల్ని తెచ్చుకునే వీసాకి 2024లో పెట్టిన జీతం హద్దు నెలకి 800 దినార్లు. అంత జీతం వచ్చేవాళ్ళు ఎందరు? రిసార్ట్ గదిలో పడుకునే తెలుగువాళ్ళకన్నా ఆ గదిలో దుప్పట్లు మార్చేవాళ్ళూ, షాలేలకు యజమానులతో పాటు వచ్చి వంటింట్లోంచి మాత్రమే సముద్రాన్ని చూసే మన ఆడవాళ్ళూ ఎక్కువ అనిపిస్తుంది. మంగాఫ్ పేరు మన పత్రికల మొదటి పేజీకి ఎక్కింది బీచ్ వల్ల కాదు, 2024 జూన్ 12న కార్మికుల భవనంలో జరిగిన అగ్నిప్రమాదం వల్ల. 40 మందికి పైగా భారతీయులు పోయారు. వాళ్ళలో ఆంధ్రప్రదేశ్ వాళ్ళూ ఉన్నారు. బీచ్ హోటలూ ఆ భవనమూ ఒకే పేటలోవి.

నిజానికి ఒకరు మునగడం, ఒకరు పైన ఉండడం అనే ఏర్పాటు కువైట్‌కి కొత్త కాదు. చమురు పడక ముందు ఈ ఊరు బతికింది ముత్యాల మీద. హైదరాబాద్ పత్తర్‌గట్టీలో ‘బస్రా ముత్యాలు’ అని మురిసిపోయి కొన్నవి ఈ గల్ఫ్ నీళ్ళలో దొరికినవే. బొంబాయి వర్తకుల చేతులు మారి మన దాకా వచ్చేవి. పెద్ద వేట ఎండాకాలంలో, దాదాపు నాలుగు నెలలు. మునిగేవాణ్ణి గైస్ అంటారు. ముక్కుకి క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని, మెడలో వల బుట్టతో దిగేవాడు. గాలి గొట్టాల్లేవు, బిగబట్టిన ఊపిరే. అతనికి ఒక జోడీ ఉండేవాడు, సైబ్. పడవ అంచున నించుని తాడు పట్టుకుని ఉండడమే అతని పని. కింద నుంచి తాడు కదలగానే ఒక్క క్షణం ఆలస్యం లేకుండా లాగాలి. పరధ్యానంలో ఉంటే కింద ప్రాణం పోతుంది. ఇంత చేసినా గైస్ కన్నా సైబ్‌కి వాటా తక్కువే.

ఇక ఇంటి దగ్గర ఆడవాళ్ళు. నాలుగు నెలలు ఉత్తరం లేదు, కబురు లేదు. గడువు దాటితే ఒడ్డుకొచ్చి, ‘ఇక చాలు, మావాళ్ళని పంపించు’ అని సముద్రాన్నే నిలదీస్తూ పాడేవారు. ఖాలిద్ అల్ సిద్దిక్ 1972లో తీసిన ‘బస్ యా బహర్’కి కథ ఈ జీవితాలే. కువైట్ మొదటి పూర్తి నిడివి సినిమా అది. జపాన్ పెంపుడు ముత్యాలు 1930లలో ఈ వేటని దెబ్బతీశాయి. 1938లో బుర్గాన్‌లో చమురు పడింది. ఆ జ్ఞాపకం పోకుండా కువైట్ సీ స్పోర్ట్స్ క్లబ్ 1986 నుంచి కుర్రాళ్ళతో వేసవి యాత్రలు జరిపించింది. సాల్మియా నుంచి బయల్దేరి తెరచాప పడవలు వెళ్ళేది ఆ ఖిరాన్‌కే. సాల్మియాలోని సైంటిఫిక్ సెంటర్ దగ్గర ‘ఫతే అల్ ఖైర్’ అనే పాత కొయ్య ఓడ ఉంది. సెంటర్ లోపల అక్వేరియం. మీ వాళ్ళు నీళ్ళ కింద ఏం చూసి అంత మురిసిపోతారో పొడి బట్టలతో చూడాలంటే ఇదే చోటు. డైవింగ్ లేని ఫైలకా దీవికి మాత్రం ఇద్దరూ కలిసి వెళ్ళాలి. కంచుయుగపు దిల్మున్ నాగరికత శిథిలాలు, అలెగ్జాండర్ తర్వాతి గ్రీకు కోట, 1990 యుద్ధంలో ఖాళీ అయి గోడలకు తూటా దెబ్బలతో మిగిలిన ఊరు, మూడూ ఒకే దీవి మీద కనిపిస్తాయి.

కువైట్ దాటి వెళ్ళేవాళ్ళకి ఎంపిక ఇంకా కష్టం, ఎందుకంటే ఫొటోలన్నీ ఒకేలా ఉంటాయి. ఈజిప్ట్ ఎర్ర సముద్రం తీసుకోండి. షర్మ్ అల్ షేక్, మర్సా ఆలమ్ హోటళ్ళలో చాలా చోట్ల పగడపు దిబ్బ ఒడ్డుకి ఆనుకునే ఉంటుంది. డైవర్‌కి పండగ. పడవ ఎక్కనక్కర్లేదు, పొడవాటి చెక్క వంతెన చివరి నుంచి దిగిపోవడమే. ఆ పగడమే ఒడ్డున ఉన్నవాళ్ళకి శత్రువు. కాలు పెట్టే చోటుండదు, పెడితే తెగుతుంది, పగడమూ చస్తుంది. వంతెన చివర నీళ్ళు నిలువు లోతు. కాళ్ళు తడుపుకుందామని వచ్చిన మనిషి వారమంతా కొలను దగ్గరే. కాబట్టి ఒక పక్క ఇసుక ఒడ్డు, ఇంకో పక్క పగడమూ ఉన్న చోటు వెతకాలి. మాల్దీవుల్లో ఇదే తిరగబడుతుంది. మోకాలి లోతు నీళ్ళు చాలా దూరం పరుచుకున్న దీవుల్లో ఈత రానివాళ్ళు రాజుల్లా తిరుగుతారు, డైవర్ మాత్రం దిబ్బ దాకా పడవెక్కాలి. ‘దిబ్బ అంచు ఒడ్డు నుంచి ఎంత దూరం? నీళ్ళలో దిగే చోట ఇసుకా, పగడమా?’ ఈ రెండు ప్రశ్నలకి హోటల్ వాళ్ళు తిన్నగా జవాబు చెప్పకపోతే ఆ హోటల్ వదిలేయొచ్చు.

దగ్గరలో కావాలంటే యూఏఈలోని ఫుజైరాలో, అల్ అఖా తీరంలో స్నూపీ ఐలాండ్ అనే చిన్న రాతి గుట్ట ఉంది. ఒడ్డు నుంచి ఈదుకుంటూ వెళ్ళి రావచ్చు, ఒడ్డున ఉన్నవాళ్ళకి వెళ్ళినవాళ్ళు కనిపిస్తూనే ఉంటారు. కానీ జంటలకి నా మొదటి సలహా మస్కట్. దైమానియాత్ దీవులకు సీబ్, బర్కాల నుంచి పడవలు పోతాయి. 1996 నుంచి అవి రక్షిత ప్రాంతం. తాబేళ్ళు, పక్షుల కోసం మే నుంచి అక్టోబర్ దాకా దీవి మీద కాలు పెట్టనివ్వరు, చుట్టూ నీళ్ళలో దిగొచ్చు. అదే పడవలో స్నార్కెలింగ్‌కి వెళ్ళేవాళ్ళూ ఉంటారు. పడవ వద్దనుకుంటే ఊళ్ళో ముత్రా సూక్ ఉంది, సుల్తాన్ ఖాబూస్ మసీదు ఉంది, పాత మస్కట్‌లో మోతీశ్వర్ శివాలయం ఉంది. సోమవారం కలిసొస్తే ‘మీరు తాబేలు చూసి రండి, నేను శివుణ్ణి చూసొస్తా’ అనే ఇల్లాలికి ఇంతకన్నా ఏం కావాలి?

ఒడ్డున ఉండేవాళ్ళకి డైవింగ్ నియమాల్లోనే ఒక వరం దాగుంది. వరసగా డైవ్‌లు చేసినవాళ్ళు కనీసం 18 గంటలు ఆగి గానీ విమానం ఎక్కకూడదు. ఒక్క డైవే అయినా 12 గంటలు ఆగాలి. పైకెళ్ళాక గాలి ఒత్తిడి తగ్గితే ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలు కడుతుంది, కీళ్ళ నొప్పుల నుంచి పక్షవాతం దాకా ఏదైనా రావచ్చు. కువైట్ వారాంతం శుక్ర, శనివారాలే కాబట్టి శనివారం రాత్రి విమానం పట్టుకునేవాళ్ళు శుక్రవారంతోనే డైవింగ్ ముగించాలి. శనివారం పూర్తిగా రెండో మనిషిది. దాన్ని బుకింగ్‌కి ముందే రాసి పెట్టుకోండి, లేకపోతే ‘ఒక్క డైవే కదా’ అన్న బేరం మొదలవుతుంది.

ఇక ‘నువ్వూ ఒకసారి దిగి చూడు’ అని వెంటపడేవాళ్ళకి ఒక మాట. దిగాలని ఉండి భయపడే మనిషి వేరు, అసలు ఇష్టమే లేని మనిషి వేరు. మొదటివాళ్ళని కొలనులో, శిక్షకుడితో మొదలుపెట్టించండి. మొగుడూ పెళ్ళాల మధ్య శిక్షణ పెట్టుకుంటే కారు నేర్పినప్పటి గొడవే మళ్ళీ. ఉబ్బసం, గుండె జబ్బు, గర్భం ఉంటే డాక్టర్ మాటే ఆఖరి మాట. రెండోవాళ్ళని వదిలేయండి. వాళ్ళకి కావాల్సింది నీడ, పుస్తకం, మంచి కాఫీ, ఫోన్‌కి సిగ్నల్, మధ్యాహ్నం మీరు చెప్పిన టైముకి రావడం. పడవలో కూడా వస్తామంటే మాత్రం ముందురోజే నడిపేవాళ్ళకి ఫోన్ చేసి అడగండి: పైన కప్పు ఉందా, లోపల టాయిలెట్ ఉందా, గాలి ఎక్కువైతే డబ్బు వెనక్కిస్తారా?