యౌవనస్థుల మాట వినేవారి మాట ఎవరు వింటారు?

సండే స్కూలు టీచర్లు, యౌవనస్థుల కూడిక నడిపించే అన్నలు, అక్కలు, హాస్టల్ వార్డెన్లు, స్కూళ్లలో కౌన్సిలర్లు – మన సంఘాల్లో ఎదిగే పిల్లల మధ్య పనిచేసేవారు చాలామందే ఉన్నారు. కొందరికి అది జీతం ఉద్యోగం, కొందరికి సాయంకాలపు పరిచర్య. విచారమేమిటంటే వీళ్లలో బాగా పనిచేసేవాళ్లే రెండు మూడేళ్లు తిరిగేసరికి మానేస్తుంటారు. పెళ్లయిందనో, వేరే ఉద్యోగం వచ్చిందనో, ఇంట్లో కుదరడం లేదనో చెబుతారు. ఆ కారణాలు నిజమే కావచ్చు. కాని తలనొప్పి, నిద్రలేమి, కడుపులో మంట అంటూ మా ఓ.పి.కి వచ్చిన ఇలాంటివారి పక్కన కాసేపు కూర్చుంటే, ఇంకో కారణం మెల్లగా బయటికి వస్తుంది. ఈ సంచికలో దాని గురించే రాస్తున్నాము.

వాళ్ల పని ఎలాంటిదో ఒకసారి ఆలోచించండి. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ ఇళ్లకు వెళ్తుంటే ఇంటర్ ఫెయిలైన కుర్రాడు గోడ పక్కన నిలబడి ఉంటాడు. ఇంకో అమ్మాయి, "అక్కా, ఒక మాట చెప్పాలి, ఎవరికీ చెప్పనని మాటివ్వు" అంటుంది. తండ్రి తాగి వచ్చి తల్లిని కొట్టడం, ఇష్టం లేని సంబంధం, ఫోనులో ఎవరో పంపిన ఫొటోలు, బతకాలని లేదనే మాట – ఇవన్నీ తల్లిదండ్రుల కంటే ముందు ఆ అక్క చెవిన పడతాయి. పిల్లకు భారం దిగి తేలికవుతుంది. అక్క మాత్రం దాన్ని ఇంటికి మోసుకుపోతుంది. అన్నం ముందు కూర్చున్నా అదే ఆలోచన.

మా నర్సుల పని కూడా కష్టమే. కాని మాకు ఒక మేలు ఉంది. రాత్రి డ్యూటీ సిస్టరు పొద్దున్నే ఇంటికి వెళ్లేముందు ప్రతి మంచం దగ్గర నిలబడి తరువాత వచ్చిన సిస్టరుకు హ్యాండోవర్ ఇస్తుంది. ఎవరికి జ్వరం ఎంత, సెలైను ఎంత మిగిలింది, రాత్రంతా ఎవరు ఏడ్చారు అన్నీ చెప్పి, రిపోర్టు పుస్తకంలో సంతకం పెట్టి వెళ్తుంది. ఆ తరువాత ఆ రోగి బాధ్యత ఇంకొకరిది. ఇంటికి వెళ్లి నిద్రపోయే హక్కు ఆమెకు ఉంది. యౌవనస్థుల మధ్య పనిచేసేవారికి ఈ హ్యాండోవరే లేదు. వాళ్ల డ్యూటీ ఎప్పుడు దిగుతుందో వాళ్లకే తెలియదు.

ఒక బాలికల హాస్టల్ వార్డెన్ సంగతి చెబుతాము. ఏ ఊరో, ఏ హాస్టలో చెప్పము. 60 మంది పిల్లలు, ఒక వార్డెను, ఒక వంటమ్మ, గేటు దగ్గర వాచ్‌మన్. ఆమెకు ఇంకా 40 దాటలేదు. మెడ నొప్పి అని వస్తే బి.పి. చూశాము, 160/100 ఉంది. నిద్ర ఎలా ఉందమ్మా అని అడిగితే, "రోజూ రాత్రి ఒంటిగంటకు ఒకసారి, మూడింటికి ఒకసారి లేస్తానండి" అంది. ఎందుకంటే చెప్పలేదు. రెండోసారి వచ్చినప్పుడు చెప్పింది. 8 నెలల కిందట 9వ తరగతి పిల్ల ఒకతె చేయి కోసుకుని, ఎవరికీ చెప్పొద్దని ఈమె కాళ్లు పట్టుకుంది. ఈమె కట్టు కట్టి, ప్రార్థన చేసి, మాట ఇచ్చింది. అప్పటినుంచి రాత్రిపూట లేచి ఆ పిల్ల మంచం దగ్గరికి వెళ్లి చూసి వస్తోంది. ఆ పిల్ల ఇప్పుడు బాగానే నిద్రపోతోందట. నిద్రలేనిది వార్డెనుకే.

ఆమెకు బి.పి. మాత్రలు ఇచ్చాము. మాత్రలతో పాటు, ఆ ఊళ్లోనే రిటైరైన ఒక హెడ్‌మిస్ట్రెస్ అమ్మగారిని 15 రోజులకు ఒకసారి ఆమెతో ఒక గంట కూర్చోమని అడిగాము. మొదటి గంటలోనే మూడు పనులు తేలాయి. పిల్లకు చెప్పి, ఒప్పించి తల్లిని పిలిపించాలి. పిల్లను మానసిక వైద్యుల దగ్గరికి తీసుకురావాలి. రాత్రి చూసి వచ్చే పని వంటమ్మతో వంతులు వేసుకోవాలి. ఇందులో గొప్ప విద్య ఏమీ లేదు. కాని ఒంటరిగా 8 నెలలు ఆలోచించినా ఆ తల్లికి తోచని దారి, ఇంకొకరి ముందు నోరు విప్పగానే కనబడింది. ఆమె ఇంకా అదే హాస్టల్లో పనిచేస్తోంది.

ఈ ఒక గంటనే చదువుకున్నవారు సూపర్‌విజన్ అంటారు. మన దగ్గర ఆ మాట వినగానే ఇన్‌స్పెక్షన్, ఎర్ర సిరా, రిజిస్టర్లు గుర్తుకొస్తాయి. పర్యవేక్షణ అంటే మరీ భయం. ఇక్కడ అర్థం వేరు. తప్పులు పట్టడానికి కాదు. పనిచేసే మనిషి తన పనిని అనుభవమున్న ఇంకొకరి ఎదుట పెట్టుకుని చూసుకోవడం. ఇంగ్లాండులో ఇది పాత అలవాటే. లండన్‌లో వై.డబ్ల్యు.సి.ఎ. వారు 1960ల మొదట్లో ఒక కాఫీ స్టాలు పెట్టి, ఏ క్లబ్బుకూ చర్చికీ రాని యువతీయువకులతో పరిచయం చేసుకున్నారు. ఆ పనిలో ఉన్న జోన్ టాష్ అనే ఆవిడ, అనుభవమున్న యువజన కార్యకర్తలకు తోటివారిని సూపర్‌వైజ్ చేయడం నేర్పిన రెండేళ్ల శిక్షణ గురించి 1967లో ఒక పుస్తకమే ప్రచురించారు. నేడు అక్కడ యువజన సేవను వృత్తిగా చదివేవారికి సూపర్‌విజన్ కూడా చదువులో భాగమే.

అలసట గురించిన మాట కూడా యౌవనస్థుల మధ్య పని నుంచే పుట్టిందని చాలామందికి తెలియదు. హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బెర్గర్ అనే మనస్తత్వవేత్త న్యూయార్కులో పగలంతా తన క్లినిక్ చూసుకుని, రాత్రిళ్లు మత్తుమందులకు అలవాటుపడిన కుర్రవాళ్ల కోసం నడిచే ఉచిత క్లినిక్‌లో పనిచేసేవారు. మొదట ఎంతో ఉత్సాహంగా వచ్చిన వాలంటీర్లు కొన్ని నెలలకే చిరాకుపడటం, నీరసించిపోవడం చూశారు. తాను కూడా అలాగే కూలబడ్డారు. దానికి బర్నవుట్ అని పేరు పెట్టి 1974లో వ్యాసం రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఐ.సి.డి. 11లో దీన్ని జబ్బుగా కాక, పనిచేసే చోట ఒత్తిడి సరిగా చూసుకోనందువల్ల వచ్చే స్థితిగా రాసింది. ఒళ్లు పూర్తిగా సత్తువ కోల్పోవడం, పని మీద విరక్తి, చేస్తున్నదేదీ పనికిరావడం లేదనిపించడం దాని మూడు గుర్తులు. రెండోది మన ఇళ్లలో త్వరగా తెలుస్తుంది. ఒకప్పుడు పిల్లల గురించి ముద్దుగా చెప్పే అన్న, "ఈ కాలం పిల్లలకు ఎంత చేసినా ఇంతేనండి" అనడం మొదలుపెడతాడు.

సరే, ఆ గంట ఎలా జరగాలి? 15 రోజులకో నెలకో ఒకసారి, ముందే అనుకున్న రోజున, తలుపు వేసిన గదిలో, ఫోన్లు పక్కన పెట్టి. వినే మనిషి జీతం ఇచ్చేవారు కాకూడదు. కమిటీ కార్యదర్శి, అయ్యగారు, అమ్మగారు ఎంత మంచివారైనా, తన ఉద్యోగం ఎవరి చేతిలో ఉందో వారి ఎదుట ఎవరూ తన బలహీనత చెప్పుకోరు. రిటైరైన టీచరు, సీనియర్ నర్సు, పక్క పాస్టరేటులో ఇదే పని చేసిన పెద్దవారు అయితే మంచిది. పిల్లల పేర్లు చెప్పనక్కరలేదు. ఈ 15 రోజుల్లో ఏ పిల్ల, ఏ పిల్లవాడు ఇంటికి వెళ్లాక కూడా మనసులో మెదులుతున్నారు? నువ్వేం చేశావు? ఎందుకు అలా చేశావు? మళ్లీ అదే పరిస్థితి వస్తే? ఇందులో నీ పని ఎంత, డాక్టరుది ఎంత, తల్లిదండ్రులది ఎంత? చివరగా, నువ్వెలా ఉన్నావు? ఆ చివరి ప్రశ్న మర్యాదకు అడిగి వదిలేయకూడదు. జవాబు వచ్చేవరకు ఆగాలి.

వినేవారికి ఉండవలసిన మొదటి గుణం నోటికి తాళం. ఇది కటువుగానే చెప్పాలి. మన స్త్రీల సమాజాల్లో ఒక పిల్ల రహస్యం ప్రార్థన విన్నపం రూపంలో ఊరంతా పాకడం మేము చూశాము. "ఫలానావారి అమ్మాయి కోసం భారంగా ప్రార్థించండి, వివరాలు అడగొద్దు" అంటే చాలు, వివరాలు సాయంత్రానికి అందరికీ తెలుస్తాయి.

రహస్యానికీ ఒక హద్దు ఉంది. పిల్ల ప్రాణానికి అపాయం ఉన్నా, ఎవరైనా ఆమెను పాడుచేస్తున్నా మాటిచ్చానని మౌనంగా ఉండకూడదు. అందుకే మొదటే "నీకు అపాయం అయితే మాత్రం నేను ఒక పెద్దవారికి చెప్పవలసి వస్తుంది" అని పిల్లకు చెప్పడం మంచిది. చట్టం కూడా అదే అంటుంది. 2012 నాటి పోక్సో చట్టంలో 19వ సెక్షను ప్రకారం, 18 ఏళ్లు నిండని బిడ్డ మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోతే 6 నెలల వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని. తన కింద పనిచేసేవారు చేసిన నేరాన్ని సంస్థ అధికారి దాచిపెడితే శిక్ష ఒక సంవత్సరం వరకు ఉంటుంది, జరిమానా కూడా. 22 ఏళ్ల యూత్ లీడరు ఇంత పెద్ద విషయాన్ని ఒక్కడే తేల్చుకోవాలని వదిలేయడం న్యాయమా? ఫోను చేసి చెప్పడానికి, సంఘ పెద్దల ముందు నిలబడటానికి అతని పక్కన ఒక పెద్ద మనిషి ఉండాలి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది.

ప్రార్థన చేసుకుంటే చాలదా అని కొందరు పెద్దలు అడుగుతారు. ప్రార్థన వద్దని ఏ విశ్వాసీ అనడు. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తీసి చూడండి. చావాలని కోరుకుని బదరీ చెట్టు కింద పడుకున్న ఏలీయాకు దేవదూత ముందు ప్రసంగం చేయలేదు. రొట్టె పెట్టాడు, నీళ్లు ఇచ్చాడు. ఏలీయా మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి తినిపించాడు. మాటలన్నీ ఆ తరువాత, హోరేబు కొండ దగ్గర. ఉదయం నుంచి సాయంకాలం వరకు ఒక్కడే జనుల తగవులు వింటున్న మోషేను చూసి, ఇలాగైతే నువ్వూ జనులూ నలిగిపోతారని చెప్పినవాడు ఆయన మామ యిత్రో. ఒక పెద్ద మనిషి వచ్చి, రోజంతా పక్కన ఉండి, పని చూసి, మెత్తగా చెప్పాడు. మేము ఇంతసేపూ చెబుతున్నది అదే.

ఇక ఒంటి సంగతి. మా దగ్గరికి వచ్చే యువజన సేవకుల్లో మేము ఎక్కువగా చూసేది తిండి వేళలు తప్పడం. కూడిక అయ్యేసరికి రాత్రి తొమ్మిదిన్నర, ఆ తరువాత ఎవరింట్లోనో టీ, పదకొండుకు అన్నం. కడుపులో మంట రాక ఏమవుతుంది? కూడికకు ముందే ఏదో ఒకటి తినండి, రెండు ఇడ్లీలైనా సరే. ఫోను ఇంకో శత్రువు. రాత్రి ఒంటిగంటకు వాట్సాప్‌లో "అన్నా, మెలకువగా ఉన్నావా" అని వస్తే జవాబివ్వకుండా ఉండటం కష్టమే. రాత్రి 10 తరువాత ఫోను చూడనని పిల్లలకు ముందే చెప్పి, ఆ వేళలో తట్టుకోలేనంత బాధ వస్తే ఎవరికి చేయాలో నంబరు ఇచ్చి ఉంచండి. టెలి మానస్ వారి 14416కు పగలు రాత్రి ఎప్పుడైనా చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ నంబరు మీకు కూడా. వారంలో ఒక రోజు, పిల్లల మాట ఎత్తని స్నేహితులతో గడపండి. సంవత్సరానికి ఒకసారి బి.పి., షుగరు, హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఆడవాళ్లలో నీరసానికి సగం కారణం మనసు కాదు, రక్తహీనత అని మా అనుభవం.

సంఘ కుటుంబాలకు, కమిటీ పెద్దలకు ఒక మాట. వార్డెనుకు నెలలో రెండు ఆదివారాలైనా సెలవు ఇచ్చి, ఆ రోజు పిల్లలను చూసుకోవడానికి ఇంకొకరిని పెట్టండి. వినడానికి వచ్చే పెద్దవారికి బస్సు చార్జీలు, భోజనం ఖర్చు బడ్జెట్టులో వేయండి. క్రిస్మస్ డ్రామాకు మైకు సెట్టు కోసం పెట్టే డబ్బులో కొంచెం సరిపోతుంది. మీ అబ్బాయి మార్కులు తగ్గాయని రాత్రి పూట యూత్ లీడరుకు ఫోను చేయకండి. అతనూ ఒకరి అబ్బాయే, పొద్దున్నే డ్యూటీకి వెళ్లాలి. వచ్చే సర్వసభ్య కూటంలో యౌవనస్థుల రిపోర్టు చదివేటప్పుడు ఎంతమంది పిల్లలు హాజరయ్యారని అడుగుతారు కదా, నడిపించినవారితో ఈ సంవత్సరం ఎవరు, ఎన్నిసార్లు కూర్చున్నారని కూడా అడగండి.