గొంతు ఎవరిది? పేరు ఎవరిది?
(బి.యస్సీ. తృతీయ సంవత్సర విద్యార్థి, తల్లాడ)

పోయిన సంవత్సరం మన కళాశాల యువజనోత్సవాలలో జానపద గీతాల పోటీకి నాకు ప్రథమ బహుమతి వచ్చిన సంగతి మిత్రులు కొందరికైనా గుర్తుండే ఉంటుంది. ఆ రోజు నేను పాడింది మా పొలంలో నాట్లేసే ఆడవాళ్ళ పాట. మాది తల్లాడ దగ్గర పల్లె. సాగర్ కాలువ నీళ్ళు సమయానికొస్తే వరి, లేకుంటే పత్తి, మిరప. మా పొలానికి వచ్చే కూలీల ముఠాకు పెద్దగా ఉన్న ఆవిడను నేను చిన్నప్పటినుంచీ అత్తా అని పిలుస్తాను. పాట ఎత్తుకునేది ఎప్పుడూ ఆవిడే. నేను గట్టు మీద కూర్చుని ఆ పాటను సెల్‌ఫోనులో పట్టుకున్నాను. హాస్టల్ గదిలో నాలుగు రోజులు సాధన చేశాను. స్టేజీ ఎక్కి పాడాను. కప్పు ఇచ్చారు, ఫోటో తీశారు.

సెలవులకు ఊరికి పోయినప్పుడు ఆ కప్పు అత్తకు చూపించాను. ఆవిడ చేతుల బురద కొంగుకు తుడుచుకుని, కప్పును అటూ ఇటూ తిప్పి చూసి, "బాగున్నది బాబూ. మరి పాట ఎవరిదని చెప్పినవు?" అని అడిగింది.

నేను చెప్పింది ఒకటే మాట. దరఖాస్తులో 'రచన' అన్న గడిలో 'జానపదం' అని రాశాను. అందరూ అట్లాగే రాస్తారు. కాని ఆ మాట ఆవిడ ముందర నా నోటినుంచి రాలేదు.

ఈ వ్యాసం సముద్రాల అవతలి గాయనుల గురించి. అయినా దీని పుట్టుక మాత్రం ఆ ప్రశ్నలోనే ఉంది. అందుకే ముందుగా అది చెప్పుకున్నాను.

హాస్టల్లో నా గదిలో ఉండే మిత్రుడికి ఇంగ్లీషు పాటల పిచ్చి. ఒక రాత్రి అతడు అరీతా ఫ్రాంక్లిన్ అనే నల్లజాతి గాయని పాట వినిపించాడు. నాకు మాటలు సగం కూడా అర్థం కాలేదు. కాని ఒక్క విషయం చప్పున తట్టింది. ముందు ఒక గొంతు ఎత్తుకుంటున్నది, వెనక నాలుగు గొంతులు అందుకుంటున్నవి. ముందు గొంతు ఊపిరి తీసుకునే లోపల వెనక గొంతులు ఆ ఖాళీని నింపుతున్నవి. ఇది మా పొలంలో పాట కాదూ!

నేను సంగీతం నేర్చినవాణ్ణి కాను, భౌతికశాస్త్ర విద్యార్థిని. ఏదైనా రెండు చోట్ల ఒకే తీరుగా కనబడితే దానికి కారణం వెతకడం మా చదువు నేర్పిన అలవాటు. వెతికితే నాకు దొరికిన జవాబు పత్తి చేను.

ఆఫ్రికా పశ్చిమ తీరంనుంచి బానిసలుగా పట్టుకుపోబడిన వారు అమెరికా దక్షిణ రాష్ట్రాల పత్తి తోటల్లో తరతరాలు చాకిరీ చేశారు. 1865లో రాజ్యాంగ సవరణతో బానిసత్వం రద్దయింది గాని, భూమి చేతికి రాలేదు. చాలామంది పాత దొరల పొలాలనే పాలుకు చేసి, అప్పుల్లోనే బతికారు. ఎత్తుకునే గొంతుకు అందుకునే గొంతులు జవాబు చెప్పే పద్ధతి ఆఫ్రికానుంచి వారితోనే వచ్చింది. పొలంలో అది పని పాట అయింది. ఆదివారంనాడు చర్చిలో భక్తి పాట అయింది. ఆ చర్చి పాటనే గాస్పెల్ అంటారు. తర్వాత లక్షలాది మంది పని వెతుక్కుంటూ షికాగో, డెట్రాయిట్ వంటి ఉత్తరాది నగరాలకు వలసపోయారు. పాటా వారి వెంటనే పోయింది. చర్చి పాటలోని ఆవేశాన్ని తీసుకుని ప్రేమకూ, కష్టానికీ, ఇంటి గొడవకూ అన్వయిస్తే వచ్చినదే సోల్ సంగీతం. సోల్ అంటే ఆత్మ. ఇది 1950లలో మొదలై 1960లలో దేశమంతటా వ్యాపించింది.

మరి ఫంక్ అంటే ఏమిటి? 1960ల రెండో సగంలో జేమ్స్ బ్రౌన్ అనే గాయకుడు సోల్ పాటలో రాగాన్ని తగ్గించి తాళాన్ని ముందుకు తెచ్చాడు. నాలుగు దెబ్బల ఆవృతంలో మొదటి దెబ్బ మీద బరువంతా వేయాలని అతని పట్టు. డ్రమ్ము, గిటారు, బాకాలు ఎవరి దారిన వారు పోయినా ఆ మొదటి దెబ్బ దగ్గర అందరూ కలవాలి. ఇది చదివాక మా పొలంలో నాటు వేయడం జాగ్రత్తగా చూశాను. ఎడమ చేతిలో నారు, కుడి చేత్తో రెండు మూడు పరకలు తీసి బురదలో గుచ్చడం, వరస కాగానే ఒక అడుగు వెనక్కి వేయడం. ఒక్కొక్కరి చేయి ఒక్కో వేగం. అయినా పాటలో బరువు పడే చోట మాత్రం అందరి చేతులూ ఒక్కసారే బురదలోకి దిగుతున్నవి. పత్తి తీసేటప్పుడు ఇట్లా కుదరదు. ఒక్కో కాయ ఒక్కో ఎత్తులో పగులుతుంది, చేతులు కలవవు. అందుకే మా దగ్గర పత్తి చేలో పాట సాగదీసినట్టు, ఒంటరిగా ఉంటుంది. పని ఎట్లాంటిదో తాళం అట్లాంటిదన్నమాట.

ఇక ఆ గాయనుల సంగతికి వద్దాం. అరీతా ఫ్రాంక్లిన్ 1942లో మెంఫిస్‌లో పుట్టింది. తండ్రి డెట్రాయిట్‌లో పేరున్న బాప్టిస్టు పాస్టరు. చిన్నతనంలోనే ఆమె తండ్రి చర్చిలో పాడింది. 1967లో ఆమె పాడిన 'రెస్పెక్ట్' అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కింది. నిజానికి ఆ పాట రాసినవాడు ఓటిస్ రెడ్డింగ్, 1965లో ముందు పాడినవాడూ అతడే. అతని పాటలో మగవాడు ఇంటి ఆడదానినుంచి గౌరవం అడుగుతాడు. అరీతా దాన్ని తిరగేసింది. గౌరవం అన్న మాటను అక్షరం అక్షరంగా విడదీసి పలికింది. వెనక అందుకున్న గొంతుల్లో ఆమె అక్కచెల్లెళ్ళవీ ఉన్నాయి. నల్లవారి హక్కుల పోరాటానికీ, స్త్రీల పోరాటానికీ అది గుర్తు పాటయింది. 1987లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం పొందిన మొదటి స్త్రీ ఆమె. 2018లో కన్నుమూసింది.

ఇంత ప్రసిద్ధమైన ఆ పాట అమెరికా రేడియో స్టేషన్లలో మోగినప్పుడల్లా ఆమెకు ఎంత ముట్టింది? ఏమీ ముట్టలేదు. అక్కడ మామూలు రేడియోలో పాట వేస్తే రాసినవారికి సొమ్ము చెల్లించాలి గాని, పాడినవారికి చెల్లించనక్కరలేదు. ఇది నాకు మొదట నమ్మశక్యం కాలేదు.

సొమ్ము సంగతి అట్లా ఉంచండి, పేరే దక్కనివారున్నారు. 1962లో 'హీ ఈజ్ ఎ రెబెల్' అనే పాట 'క్రిస్టల్స్' అనే బృందం పేరుతో విడుదలై మొదటి స్థానానికి వచ్చింది. ఆ గొంతు క్రిస్టల్స్‌లో ఏ ఒక్కరిదీ కాదు, డార్లీన్ లవ్ అనే గాయనిది. నిర్మాత ఆమె చేత పాడించి, రికార్డు మీద వేరే పేరు వేశాడు. ఇది పాత కాలపు మోసం అనుకోవద్దు. 1990లో మార్తా వాష్ అనే గాయని పాడిన నృత్య గీతాలకు వీడియోలో సన్నగా ఉన్న వేరే అమ్మాయిలు పెదవులు కదిపారు. మార్తా లావుపాటి మనిషి. ఆమె కోర్టుకెక్కి తన గొంతును తనదని ఒప్పించుకోవలసి వచ్చింది.

ఫంక్‌లోనూ ఇదే వరస. జేమ్స్ బ్రౌన్ బృందంలో లిన్ కాలిన్స్ అనే గాయని ఉండేది. 1972లో ఆమె పాడిన 'థింక్' అనే పాటలోని కొన్ని క్షణాల ముక్కను తర్వాతి తరం వారు కోసి, తిప్పి తిప్పి లెక్కలేనన్ని పాటల్లో వాడుకున్నారు. మీరూ నేనూ ఏదో ఒక డ్యాన్సు పాటలో ఆ ముక్క వినే ఉంటాం. ఎవరిదని అడిగి ఉండం. దీనికి ఎదురు నిలిచినట్టు బెట్టీ డేవిస్ అనే ఆమె 1973 నుంచి తన పాటలు తానే రాసుకుని ఫంక్ రికార్డులు చేసింది. అవి అప్పట్లో అమ్ముడుపోలేదు. దశాబ్దాల తర్వాత లోకం వెతికి వెతికి విన్నది.

ఈ గాయనులలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది టీనా టర్నర్ కథ. ఆమె అసలు పేరు ఆనా మే బులక్. 1939లో పుట్టి, టెనెసీ రాష్ట్రంలో నట్‌బుష్ అనే పల్లెలో పెరిగింది. చిన్నప్పుడు పత్తి తీసింది. బృందం నడిపే ఐక్ టర్నర్ ఆమెకు టీనా టర్నర్ అనే పేరు పెట్టాడు. అతణ్ణే పెళ్ళి చేసుకుని, ఏళ్ళ తరబడి దెబ్బలు తిని, చివరికి బయటపడింది. 1978లో విడాకులు పూర్తయినప్పుడు ఆస్తిలో వాటా వదులుకుంది. ఆ పేరు మాత్రం తనకే ఉండాలని పట్టుబట్టి దక్కించుకుంది. చేతిలో పేరొక్కటే పెట్టుకుని 1984లో 'ప్రైవేట్ డాన్సర్' రికార్డుతో లోకమంతా తిరిగింది. 2023లో చనిపోయింది. పేరుకు విలువ ఎంత అని ఎవరైనా అడిగితే ఈ కథ చెప్పాలనిపిస్తుంది.

మన తెలుగు పాటకు వద్దాం. ఎల్.ఆర్. ఈశ్వరి గారి గొంతు తెలియని ఇల్లుండదు. ఆవిడ తల్లి మద్రాసు జెమినీ స్టూడియోలో బృందగానం పాడేది. ఈశ్వరి గారూ ముందు వెనక వరసలో నిలబడి పాడినవారే. అక్కడినుంచి మైకు ముందుకు వచ్చి, 1973 నాటి 'దేవుడు చేసిన మనుషులు' వంటి చిత్రాల్లో తెలుగువారిని ఊపేశారు. అంత చేవ గల గొంతును సినిమావారు ఎక్కువగా క్లబ్బు పాటలకే పెట్టారు. కథానాయికకు వేరే గొంతు. గొంతులో నిప్పున్న స్త్రీని ఎక్కడ నిలబెట్టాలో తెలియకపోవడం ఒక్క అమెరికా రోగమే కాదు.

ఇంకా దగ్గరికి రండి. భువనగిరిలో నూలు మిల్లు కార్మికురాలిగా పనిచేసిన బెల్లి లలిత పాటనే ఆయుధం చేసుకుని తెలంగాణ సభల్లో పాడింది. 1999 మే నెలలో ఆమెను దారుణంగా హత్య చేశారు. అక్కడ పత్తి తీసిన పిల్ల గాయని అయింది, ఇక్కడ పత్తిని నూలు చేసిన మనిషి గాయని అయింది. ఆమె పేరు జనం మరువలేదు, ప్రాణం మాత్రం దక్కలేదు.

మరి మన నాటు పాటల సంగతి? బిరుదురాజు రామరాజు గారు 1950లలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జానపద గేయాల మీద పరిశోధన చేసి, అవి సాహిత్యమేనని పండితుల చేత ఒప్పించారు. అది గొప్ప మేలు. చట్టమూ కొంత కదిలింది. 1957 కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ పాడేవారికీ హక్కు ఉందన్నది. 2012 సవరణ వారికి రాయల్టీలో వాటా ఉందన్నది. కాని నడుములోతు వంగి నాటేసే ఆడమనిషి దగ్గరికి ఏ చట్టం నడిచిపోతుంది? ఫోను పట్టుకుని గట్టు మీద కూర్చున్నది నాబోటివాడే. 'జానపదం' అనే మాట జనానికి గౌరవంగా పుట్టింది. మా చేతిలో అది పేరు రాయకుండా తప్పించుకునే ఉపాయమయింది. పాట నలుగురిదీ అని కొందరు మిత్రులు వాదిస్తారు. నిజమే, పాట నలుగురిదీ. కాని అది నా దాకా తెచ్చిన గొంతు ఒక్కరిది. ఆ ఒక్కరు ఎవరో నాకు తెలుసు. తెలిసీ రాయలేదు.

అందుచేత మన విద్యార్థి సంఘానికి నా చిన్న మనవి. వచ్చే యువజనోత్సవాల దరఖాస్తులో ఒక గడి చేర్చండి: 'ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు? ఏ ఊరు?' పాడేముందు ఆ పేరు మైకులో చదవండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఈ వ్యాసంలో అత్త పేరు ఎందుకు లేదని మీరడగవచ్చు. మొన్న ఊరికి పోయినప్పుడు అడిగాను, "అత్తా, కాలేజీ పుస్తకంలో నీ పేరు వేయనా?" అని. ఆవిడ నవ్వింది.

"నాకు చదువొస్తదా బాబూ? పుస్తకంలో వేస్తే నాకెట్ల తెలుస్తది? స్టేజీ మీద చెప్పు. నేనొచ్చి వింట."

వచ్చే ఉత్సవాల నాటికి నాకు మైకు ఇస్తారని ఆశిస్తున్నాను. మొదటి వరసలో ఒక కుర్చీ కూడా కావాలి.